ఫోటో వ్యూయర్‌లో ప్యానెళ్లు: ఏది ఉంచాలి, ఏది దాచాలి, ఏ సాఫ్ట్‌వేర్ ఎవరికి

కడప ఏడురోడ్ల దగ్గర స్టూడియో నడిపే మిత్రుడు పెళ్లిళ్ల కాలంలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, ఫోటో కన్నా దాని చుట్టూ ఉన్న పెట్టెలే పెద్దగా కనబడుతున్నాయి. మంచి సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్పు" అన్నాడు. మర్నాడు వెళ్లి చూశాను. ఎడమ పక్క ఫోల్డర్ల చెట్టు, దాని కింద ప్రివ్యూ, కుడి పక్క కెమెరా వివరాలు, కింద థంబ్‌నెయిళ్ల (చిట్టి ఫోటోల) వరుస, పైన రెండు అంతస్తుల బటన్లు. ప్యానెళ్లంటే ఈ పెట్టెలే. వీటన్నిటి నడుమ తలంబ్రాలు పోస్తున్న పెళ్లికూతురు అగ్గిపెట్టె మీది బొమ్మంత ఉంది. "ఇందులో నువ్వు వాడేవి ఏవి?" అని అడిగితే థంబ్‌నెయిళ్ల వరుస ఒక్కటే చూపించాడు. మిగతావన్నీ చుట్టాలై వచ్చి దయ్యాలై పట్టుకున్నవే.

ఇలాంటి ప్రశ్న నాకు తరచూ వస్తుంది. అడిగేవాళ్లు సాఫ్ట్‌వేర్ పేరు అడుగుతారు. నేను మాత్రం వాళ్ల తెర ఎంత, ఫోటోలు నిలువా అడ్డమా అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం కోసమే ఈ వ్యాసం.

## ముందు తెరను కొలవండి

మన వైపు దుకాణాల్లో, ఇళ్లలో ఉన్న పాత ల్యాప్‌టాపుల్లో చాలా వాటి తెర 1366 × 768 పిక్సెళ్లు. కెమెరాతో అడ్డంగా తీసిన ఫోటో నిష్పత్తి సాధారణంగా 3:2. ఆ ఫోటోను తెర నిండా పెడితే 1152 × 768 పిక్సెళ్లలో కనిపిస్తుంది. అంటే ఏ ప్యానెలూ లేకపోయినా పక్కన 214 పిక్సెళ్ల ఖాళీ మిగిలే ఉంటుంది. దీన్ని చాలామంది గమనించరు.

ఇప్పుడు మామూలు కిటికీ (విండో)లోకి రండి. కింద టాస్క్‌బార్, పైన శీర్షిక పట్టీ, మెనూ, బటన్లు, అడుగున స్టేటస్ పట్టీ అన్నీ కలిసి సుమారు 154 పిక్సెళ్ల ఎత్తు తినేస్తాయి. మిగిలింది దాదాపు 614. దాని కింద థంబ్‌నెయిళ్ల వరుస పెట్టారంటే ఇంకో 120 పోయి 490 చిల్లర మిగులుతుంది. ఆ ఎత్తులో మీ ఫోటో వెడల్పు 735. వైశాల్యం లెక్క వేస్తే తెర నిండా కనబడిన ఫోటోలో వందకు నలభై వంతులే. అదే థంబ్‌నెయిళ్లను కింది నుంచి తీసి పక్కకు నిలువుగా పెట్టండి. ఎత్తు మళ్లీ 614, వెడల్పు 921. వందకు అరవై నాలుగు వంతులు. థంబ్‌నెయిళ్ల పట్టీతో కలిపి పక్కన ఉన్న జాగా 445 పిక్సెళ్లు. ఆ జాగాలో పట్టేంత వరకు పక్క ప్యానెల్ ఉచితమే. ఫోటో నుంచి ఒక్క పిక్సెల్ కూడా తీసుకోదు.

అడ్డంగా తీసిన ఫోటోకే ఇంత తేడా ఉంటే, నిలువుగా తీసిన ఫోటోల మాట చెప్పనక్కరలేదు. ఫోన్‌తో తీసినవన్నీ దాదాపు ఆ బాపతే. వాటికి ఎత్తే ప్రాణం, పక్కల్లో ఎన్ని ప్యానెళ్లు పెట్టినా నొప్పి తెలియదు. కాబట్టి నా మొదటి నియమం: వెడల్పు తెర మీద అడ్డ పట్టీ దొంగ, నిలువు పట్టీ చుట్టం.

ఈ నియమం తిరగబడే చోటు ఒకటి ఉంది. గండికోటలో పెన్నా లోయను ఈ చివర నుంచి ఆ చివరకు పానోరమాగా తీస్తే నిష్పత్తి 3:1 దాకా పోతుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది చిత్రాల పొడవాటి పట్టీలను తీసినా అంతే. 1366 వెడల్పున అలాంటి బొమ్మ 455 పిక్సెళ్ల ఎత్తే ఉంటుంది. అక్కడ కింది పట్టీ ఉచితం, పక్క పట్టీ ఖరీదు. అందుకే అమరికను ఫోటోను బట్టి మార్చగలిగిన సాఫ్ట్‌వేర్‌కు ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

## ప్యానెల్ ఎలా కూర్చుంటుందన్నది రెండో లెక్క

ప్యానెళ్లలో మూడు రకాలున్నాయి. పక్కన జాగా తీసుకుని కూర్చునేవి మొదటి రకం, అవి ఉన్నంతసేపూ ఫోటోను కుదిస్తాయి. ఫోటో మీదే పల్చగా పరుచుకునేవి రెండో రకం, కుదించవు గానీ ఒక మూలను కప్పేస్తాయి. మూడో రకం పిలిస్తే వచ్చి, పని కాగానే పోతాయి: మౌస్ అంచుకు తాకితేనో, ఒక మీట నొక్కితేనో కనబడతాయి. గంటల తరబడి ఫోటోలు ఏరే పనికి మూడో రకమే మేలు. ప్రతి ఫోటోకూ ఏదో ఒక వివరం చూసి రాసుకునే పనికి అదే రకం ప్రాణం తీస్తుంది. వందసార్లు అంచుకు మౌస్ తోలాలి మరి. అక్కడ మొదటి రకం ఉండాలి.

ఇంకా చూడాల్సినవి క్లుప్తంగా చెబుతాను. బటన్లు, షార్ట్‌కట్‌లు మన చేతివాటానికి మార్చుకోగలమా? కుదిరిన అమరికను ఇంకో కంప్యూటర్‌కు మోసుకుపోగలమా? ప్యానెల్‌లో మనం వేసిన నక్షత్రాలు, రాసిన శీర్షికలు ఫోటో ఫైలులోకి వెళతాయా, సాఫ్ట్‌వేర్ సొంత చిట్టాలో ఉండిపోతాయా? వ్యాపారానికి వాడితే డబ్బు కట్టాలా? ఈ చివరిదాన్ని మన వాళ్లు అసలు పట్టించుకోరు. కింద చెప్పబోయే వాటిలో ఇర్ఫాన్‌వ్యూ, ఫాస్ట్‌స్టోన్, ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ మూడూ ఇంటి వాడకానికి ఉచితం. స్టూడియో, నెట్ సెంటర్, చీరల దుకాణం వ్యాపారాలే కాబట్టి లైసెన్సు కొనాలి. డిజికామ్, నోమాక్స్, ఇమేజ్‌గ్లాస్ ఓపెన్ సోర్స్, అంటే వాటి కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. వాటిని ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు.

## ఫాస్ట్‌స్టోన్: నాలుగు అంచుల ఇల్లు

విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. దీని అసలు గొప్ప తెర నిండా చూసేటప్పుడు తెలుస్తుంది. ఫోటో ఒక్కటే తెర మీద ఉంటుంది. మౌస్‌ను పై అంచుకు తీసుకెళితే థంబ్‌నెయిళ్లు దిగుతాయి. ఎడమకు పోతే సవరణల జాబితా, కుడికి పోతే కెమెరా వివరాలు, కిందికి పోతే బటన్లు. మౌస్ వెనక్కి తీస్తే అన్నీ మాయం. పైన చెప్పిన మూడో రకం ప్యానెళ్లను ఇంత పొందికగా అమర్చిన వ్యూయర్ నేను ఇంకొకటి చూడలేదు.

దీని బ్రౌజర్ కిటికీ మాత్రం అంత సాగదు. ఫోల్డర్ల చెట్టు, ప్రివ్యూ, థంబ్‌నెయిళ్లు అన్న మూడు భాగాలకు సిద్ధంగా ఉన్న అమరికలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి ఎంచుకుని, నడిమి గీతలను లాగి వెడల్పు సరిచేసుకోవాలి. ఒక ప్యానెల్‌ను ఊడదీసి మనకు నచ్చిన మూలన అతికిస్తానంటే కుదరదు. కొందరికి ఇది లోటు. దుకాణంలో నలుగురు చేతులు పెట్టే కంప్యూటర్‌కు ఇదే వరం, అంత సులువుగా ఎవరూ చెడగొట్టలేరు.

రెండు నుంచి నాలుగు ఫోటోలను పక్కపక్కన పెట్టి పోల్చే సౌకర్యం ఉంది. ఒకచోట జూమ్ చేస్తే మిగతావీ కదులుతాయి. గ్రూపు ఫోటోలో ఎవరు కళ్లు మూశారో చూడటానికి ఇంతకు మించింది అక్కరలేదు. క్లిక్ చేసి పట్టుకుంటే వచ్చే భూతద్దం కూడా ఆ పనికే. ముదురు, బూడిద, లేత రంగుల థీములున్నాయి. ఆ బూడిద థీము సంగతి కింద చీరల దగ్గర చెబుతాను.

## ఇర్ఫాన్‌వ్యూ: మీటల మీద నడిచే పాతకాపు

బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996లో విడుదల చేసిన వ్యూయర్ ఇది. దీని ముఖం ఇప్పటికీ ఆనాటి విండోస్ లాగే ఉంటుంది. కొత్తవాళ్లు చూసి పెదవి విరుస్తారు. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు మాత్రం దండం పెడతారు. రెప్పపాటులో తెరుచుకుంటుంది.

ఇక్కడ ప్యానెళ్ల తత్వమే వేరు. ఫోటో కిటికీలో ప్యానెళ్లు దాదాపు ఉండవు. థంబ్‌నెయిళ్లు కావాలంటే టీ మీట నొక్కాలి, వేరే కిటికీ వస్తుంది. ఫోటో వివరాలకు ఐ మీట. ఆ వచ్చేది చిన్న పెట్టె, పక్కన అతికి ఉండేది కాదు. ఉన్న కొద్దిపాటి పట్టీలను కూడా తీసేయవచ్చు. ఆల్ట్, షిఫ్ట్ కలిపి పట్టుకుని టీ నొక్కితే బటన్ల పట్టీ, ఎస్ నొక్కితే స్టేటస్ పట్టీ, ఎం నొక్కితే మెనూ పోతాయి. మళ్లీ అదే నొక్కితే తిరిగి వస్తాయి. ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. మెనూ పోయాక దాన్ని తెప్పించే దారి మెనూలో దొరకదు కదా.

బటన్ల పట్టీలో ఏవి ఉండాలో సెట్టింగ్‌లలో టిక్కులు పెట్టి ఎంచుకోవచ్చు. పట్టీ రూపం మార్చే స్కిన్‌లు దొరుకుతాయి. తెర నిండా చూసేటప్పుడు మూలన ఫైలు పేరు, కొలతలు, తేదీ ఏ వరుసలో కనబడాలో గుర్తులతో రాసుకోవచ్చు. ప్యానెల్ లేకుండానే ప్యానెల్ చేసే పని చేయించే చిట్కా ఇది. ఫోటోను అసలు కుదించదు.

ఒక్క జాగ్రత్త. కెమెరా రా ఫైళ్లు (కెమెరా పట్టింది పట్టినట్టే దాచేవి), మరికొన్ని రకాల ఫైళ్లు తెరవాలంటే ప్లగిన్‌లు అనే అదనపు భాగాలు విడిగా వేసుకోవాలి.

## ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ: ఏది ఎక్కడైనా

ఫ్రాన్స్‌కు చెందిన పియేర్ గుజెలే తయారుచేసిన సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. అయిదు వందలకు పైగా ఫైలు రకాలు తెరుస్తుంది. ప్యానెళ్లను మార్చుకోవడమే ముఖ్యం అనుకునేవాళ్లకు ఈ జాబితాలో రాజు ఇదే.

ఫోల్డర్లు, ఇష్టమైనవి, వర్గాలు, ప్రివ్యూ, సమాచారం, ఇలా ప్రతి ప్యానెలూ ఊడివస్తుంది. శీర్షికను పట్టి లాగి ఏ అంచున వదిలితే అక్కడ అతుక్కుంటుంది. ఒకదాని మీద ఒకటి వదిలితే ట్యాబులుగా మారుతాయి. కిటికీ బయటకు లాగితే విడిగా తేలుతుంది, రెండో మానిటర్ ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు. వ్యూ మెనూలో సిద్ధంగా ఉన్న అమరికలు కొన్ని ఉంటాయి. వాటిలో దగ్గరగా ఉన్నది తీసుకుని మార్చుకోవడం మేలు, ఖాళీ తెర నుంచి కట్టుకుంటూ రావద్దు. బటన్ల పట్టీలు, షార్ట్‌కట్‌లు రెండింటినీ సెట్టింగ్‌లలో మార్చవచ్చు. థంబ్‌నెయిల్ కింద ఏయే వివరాలు కనబడాలో కూడా చెప్పవచ్చు. ఈ చివరిది బాగా వాడుకుంటే సమాచార ప్యానెల్ అవసరమే పడదు.

నేను సాధారణంగా చెప్పే అమరిక: ఫోల్డర్లు, వర్గాలు ఒకే చోట ట్యాబులుగా ఎడమన, థంబ్‌నెయిళ్లు నడుమ రెండు నిలువు వరుసలకు కుదించి, మిగిలిన జాగా అంతా కుడి పక్క ప్రివ్యూకు. అడ్డంగా ఏ ప్యానెలూ ఉండకూడదు. తెరను కొలిచినప్పుడు వేసిన లెక్కను ఆచరణలో పెడితే వచ్చే రూపం ఇదే.

ఇంత స్వేచ్ఛకు ఖర్చు కూడా ఉంది. ఎంత సులువుగా అమరుతుందో అంత సులువుగా చెదురుతుంది. చెయ్యి జారి ఒక ప్యానెల్ ఎక్కడో అతుక్కుంటే కొత్తవాళ్లు గాభరా పడతారు. నక్షత్రాలు, రంగు గుర్తులు, వర్గాలు దాని సొంత చిట్టాలో దాచుకుంటుంది. ఫోటోతో పాటే ప్రయాణించాలంటే ఎక్స్ఎంపీ (వివరాలను ఫోటోతో పాటు రాసి ఉంచే పద్ధతి)లో రాయమని సెట్టింగ్‌లలో చెప్పాలి. ఇది ముందే చెప్పకపోతే కంప్యూటర్ మార్చినప్పుడు ఏరిన శ్రమంతా గంగపాలు.

## డిజికామ్: గ్రంథాలయం

వ్యూయర్ అనడం కన్నా ఫోటోల గ్రంథాలయం అనాలి. 2001లో రెంచి రాజు మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, ఇప్పుడు కేడీఈ అనే ఓపెన్ సోర్స్ బృందం గూటిలో ఉంది. లినక్స్‌లో పుట్టినా విండోస్, మ్యాక్‌లలోనూ దొరుకుతుంది.

రెండు పక్కలా నిలువు ట్యాబుల పట్టీలుంటాయి. ఎడమన ఆల్బములు, ట్యాగులు, తేదీలు, వెతుకులాట, మ్యాపు, మనుషుల ముఖాలు. కుడిన ఫోటో లక్షణాలు, మెటాడేటా (ఫైలులోనే దాగి ఉండే ఫోటో వివరాలు), రంగులు, శీర్షికలు, వడపోతలు. తెరిచి ఉన్న ట్యాబును మళ్లీ క్లిక్ చేస్తే ప్యానెల్ మడుచుకుని సన్నటి నిలువు గీత మాత్రం మిగులుతుంది. వెడల్పు తెర స్వభావాన్ని బాగా అర్థం చేసుకున్న అమరిక ఇది. ప్యానెళ్లన్నీ పక్కలకే పోయాయి, నచ్చకపోతే మడిచేయవచ్చు. ఒకదాన్ని ఎడమ నుంచి కుడికి మార్చడం మాత్రం కుదరదు. ఏది ఎక్కడుండాలో వాళ్లే తేల్చారు. బటన్లు, షార్ట్‌కట్‌లు మనవి. కంట్రోల్‌తో అంకె నొక్కితే నక్షత్రాలు, ఆల్ట్‌తో అంకె నొక్కితే ఎంపికైనదా తిరస్కరించినదా అన్న గుర్తు పడతాయి. లైట్ టేబుల్ అనే చోట రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి ఒకేసారి జూమ్ చేయవచ్చు.

మొదటిసారి తెరిచినప్పుడు ఫోటోలు ఎక్కడున్నాయి, డేటాబేస్ ఎక్కడ పెట్టాలి అని అడిగి, మొత్తం చదవడం మొదలుపెడుతుంది. పాత హార్డ్ డిస్కులో వేల ఫోటోలుంటే ఒక కాఫీ కాదు, ఒక పూట పడుతుంది. ఒక్క ఫోటో తెరిచి చూసి మూసేసే అవసరానికి దీన్ని పెట్టుకోవడం పిల్లికి బిచ్చం వేయడానికి ధాన్యం కొట్టు తెరిచినట్టు.

## మిగతా మూడు, రెండు మాటల్లో

నోమాక్స్ ఓపెన్ సోర్స్. దీని ప్యానెళ్లలో చాలా వరకు ఫోటో మీద పల్చగా పరుచుకునే రెండో రకం. రెండు నోమాక్స్ కిటికీలను జత కలిపితే ఒకదానిలో జూమ్ చేసి జరిపినట్టే రెండోదానిలోనూ జరుగుతుంది. శాసనాలు చదివేవాళ్లు దీన్ని మరిచిపోవద్దు.

ఇమేజ్‌గ్లాస్ విండోస్‌లో నడుస్తుంది. శుభ్రంగా ఉంటుంది, బటన్ల పట్టీని మార్చుకోవచ్చు, థీములున్నాయి. విండోస్ ఫోటోస్‌తో విసిగి, నేర్చుకోవడానికి ఓపిక లేని వాళ్లకు చాలు.

విండోస్ ఫోటోస్‌లో మనం మార్చగలిగేది బహు స్వల్పం. కింద ఫోటోల వరుస, పక్కన సమాచారం ఉంచాలా వద్దా అన్నంత వరకే. ఎఫ్ 11 నొక్కి తెర నిండా చూడండి, అంతకు మించి దానితో వాదించకండి.

## ఒకచోట చూడాలంటే

| | ఫాస్ట్‌స్టోన్ | ఇర్ఫాన్‌వ్యూ | ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ | డిజికామ్ |
|---|---|---|---|---|
| ప్యానెల్ కూర్చునే తీరు | అంచుల్లో దాగి, పిలిస్తే వస్తుంది | వేరే కిటికీ | పక్కన అతుకుతుంది, ఊడివస్తుంది | పక్కన ఉంటుంది, మడుచుకుంటుంది |
| చోటు మార్చడం | సిద్ధంగా ఉన్న అమరికలే | అవసరం లేదు | ఎక్కడికైనా | ట్యాబుల చోటు స్థిరం |
| పక్కపక్కన పోలిక | నాలుగు దాకా | దీని పని కాదు | నాలుగు దాకా | రెండు |
| పాత కంప్యూటర్ మీద | తేలిక | అన్నిటికన్నా తేలిక | పర్వాలేదు | బరువు |
| విండోస్ కాని చోట | లేదు | లేదు | ఉంది | ఉంది |
| వ్యాపారానికి | లైసెన్సు కొనాలి | లైసెన్సు కొనాలి | లైసెన్సు కొనాలి | ఉచితం |

## ఎవరికి ఏది

పెళ్లి ఫోటోల స్టూడియో. ఒక పెళ్లికి రెండు మూడు వేల ఫోటోలు వస్తే, ఆల్బముకు నాలుగైదు వందలు ఏరాలి. ఇక్కడ సమాచార ప్యానెల్‌తో పనే లేదు. షట్టర్ వేగం ఎంతో తెలిసినంత మాత్రాన పెళ్లికొడుకు కళ్లు తెరవడు. ఫాస్ట్‌స్టోన్ తెర నిండా, కుడి చెయ్యి బాణం మీటల మీద, అనుమానం వచ్చినచోట నాలుగు ఫోటోల పోలిక. మా ఏడురోడ్ల మిత్రుడికి ఇదే పెట్టిచ్చాను, లైసెన్సు కూడా కొనిపించాను. రెండు మానిటర్లున్న స్టూడియో అయితే నా సలహా మారుతుంది. అప్పుడు ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీలో థంబ్‌నెయిళ్లు ఒక తెర మీద, ప్రివ్యూ ఇంకో తెర మీద పెట్టుకుంటే కొనేవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి చూపించవచ్చు.

నెట్ సెంటర్. కర్నూలులో కలెక్టరేట్ వైపు ఏ నెట్ సెంటర్‌లో చూసినా ఒకటే పని: దరఖాస్తు ఫోటో ఇన్ని కేబీలకు మించకూడదు, సంతకం అన్ని కేబీలు. వెనక వరుసలో పది మంది నిలబడి ఉంటారు. ఇక్కడ ప్యానెల్ అన్నదే శత్రువు. ఇర్ఫాన్‌వ్యూ బటన్ల పట్టీలో కత్తిరింపు, కొలత మార్పు, సేవ్ ఈ మూడే ఉంచి మిగతా టిక్కులన్నీ తీసేయండి. జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు పక్కన వచ్చే పెట్టెలో ఎన్ని కేబీలు కావాలో చెప్పే వీలుంది, ఆ పెట్టెను మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచండి. నా దృష్టిలో మొత్తం సాఫ్ట్‌వేర్‌లో మీకు పనికొచ్చే ప్యానెల్ అదొక్కటే.

చీరల వ్యాపారి. ధర్మవరం పట్టులో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీరలు ప్రసిద్ధి. నెమలికంఠం చీరను ఏ కోణంలో చూస్తే ఆ రంగు. ఇలాంటి ఫోటోను నిగనిగలాడే తెల్లటి ప్యానెళ్ల నడుమ చూస్తే చీర ముదురుగా, నల్లటి ప్యానెళ్ల నడుమ చూస్తే లేతగా కనిపిస్తుంది. ఫోటో మారదు, చుట్టూ ఉన్నదాన్ని బట్టి కన్ను మోసపోతుంది. నీలం రంగు థీము పెట్టుకుని ఆకుపచ్చ చీర సవరించేవాళ్లను చూశాను, వాళ్లు పంపిన ఫోటో చూసి కొన్నవాళ్లు చీర చేతికి రాగానే పేచీ పెట్టుకోవడమూ చూశాను. కాబట్టి ఈ వ్యాపారంలో ఎన్ని ప్యానెళ్లు అన్నది రెండో ప్రశ్న, ప్యానెళ్ల రంగు ఏమిటన్నదే మొదటిది. ఏ రంగూ కాని మధ్యస్థపు బూడిద నేపథ్యం పెట్టండి. పైన చెప్పిన నాలుగింటిలోనూ నేపథ్యం రంగు మార్చవచ్చు. ఫాస్ట్‌స్టోన్‌లో బూడిద థీము సిద్ధంగా ఉంది. రంగుల ప్రొఫైల్‌ను (రంగులు ఎలా కనబడాలో చెప్పే గుర్తును) గౌరవించే సెట్టింగు కూడా దానిలో ఉంది, ఆన్ చేసుకోండి. నా ఓటు దానికే.

శాసనాలు, తాళపత్రాలు చూసేవాళ్లు. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుల నాటి ఎరికల్ ముత్తురాజు శాసనం ఉంది, మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా చెప్పేది దాన్నే. అలాంటి రాతి ఫోటోను ఒక పక్క, కాగితం అద్ది తీసిన సిరా అచ్చును ఇంకో పక్క పెట్టి అక్షరం అక్షరం పోల్చాలి. నోమాక్స్ జంట కిటికీలు, లేదా డిజికామ్ లైట్ టేబుల్ ఇందుకే పుట్టినట్టుంటాయి. కానీ ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాల్సి వస్తే డిజికామ్ అంటాను. చదివిన పాఠం, ఊరు, రాయి ఏ దిక్కున ఉంది వంటి వివరాలు శీర్షికల ప్యానెల్‌లో రాసుకోవచ్చు. ఆ రాత ఫోటో ఫైలులోకే వెళ్లేలా మెటాడేటా సెట్టింగ్‌లు చూసుకుంటే, పదేళ్ల తరవాత ఇంకెవరో తెరిచినా వాళ్లకూ కనబడుతుంది. ఈ పనిలో కుడి ప్యానెల్ ఎప్పుడూ తెరిచే ఉండాలి. పైన నేను ప్యానెళ్లను తిట్టిందంతా ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. కడపలోనే బ్రౌన్ గ్రంథాలయం ఉంది కనుక తాళపత్రాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు మన ఊళ్లో తక్కువేమీ కాదు. తాళపత్రం సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి గండికోట పానోరమా లెక్కే దానికీ వర్తిస్తుంది: థంబ్‌నెయిళ్ల పట్టీని పక్కన కాకుండా పైనో కిందో పెట్టండి.

పక్షుల వెంట తిరిగేవాళ్లు. రోళ్లపాడు గడ్డి మైదానాలకు కెమెరా మోసుకుపోయే మిత్రులకు షట్టర్ వేగం, ఐఎస్ఓ, ఫోకల్ దూరం ప్రతి ఫోటోకూ కావాలి. ఎందుకు చెడిందో తెలిస్తేనే రేపు బాగా తీయగలరు. ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీలో థంబ్‌నెయిల్ కిందే ఆ మూడూ కనబడేలా పెట్టుకుంటే ఇంకో ప్యానెల్ అక్కరలేదు. ఒక్కసారి మాత్రం సమాచార ప్యానెల్ తెరిచి జీపీఎస్ ట్యాబు చూడండి. ఫోన్‌తోనో జీపీఎస్ ఉన్న కెమెరాతోనో తీస్తే ఆ చోటు అంకెలు ఫోటోలోనే ఉండిపోతాయి. అరుదైన పక్షి గూడు ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే గూటికి దారి కూడా పంపినట్టే.

ఇంట్లో పండగ ఫోటోలు చూసుకునేవాళ్లు. ఇమేజ్‌గ్లాస్ చాలు. నిజానికి ఉన్న విండోస్ ఫోటోస్ కూడా చాలు.

## కుదిరిన అమరిక చెదరకుండా

నా సొంత ల్యాప్‌టాప్‌లో ఒకసారి ఒక వ్యూయర్ ప్యానెల్‌ను ఊడదీసి రెండో మానిటర్ మీద పెట్టుకున్నాను. ఆ మానిటర్‌ను మా అబ్బాయి తీసుకుపోయాడు. మర్నాటి నుంచి ఆ ప్యానెల్ ఎక్కడా కనబడదు. మెనూలో చూస్తే టిక్కు ఉంది, తెర మీద లేదు. లేని మానిటర్ మీద హాయిగా తెరుచుకుని కూర్చుంది. పాడైందనుకుని రెండుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. సెట్టింగ్‌ల ఫైలు పాతదే మిగిలి ఉంటుంది కనుక ఫలితం లేదు.

చేయాల్సింది ఇది. సాఫ్ట్‌వేర్‌ను మూసి, దాని సెట్టింగ్‌ల ఫైలు పేరు మార్చి, మళ్లీ తెరవాలి. పుట్టినప్పటి అమరికతో వస్తుంది. ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ రెండూ తమ అమరికను ఐఎన్ఐ అనే మామూలు అక్షరాల ఫైలులో దాచుకుంటాయి. ఫాస్ట్‌స్టోన్ ఎఫ్ఎస్ సెట్టింగ్స్ అనే డీబీ ఫైలులో పెడుతుంది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే పక్క కంప్యూటర్‌లో అదే అమరిక అరనిమిషంలో సిద్ధం. ఫాస్ట్‌స్టోన్, ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీలకు ఇన్‌స్టాల్ చేయనక్కరలేని పోర్టబుల్ రకాలు కూడా ఉన్నాయి. వాటిలో సెట్టింగ్‌లు సాఫ్ట్‌వేర్‌తో పాటే ఒకే ఫోల్డర్‌లో ప్రయాణిస్తాయి.

మా స్టూడియో మిత్రుడు ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని మీద "చెయ్యి పెట్టొద్దు" అని స్కెచ్‌పెన్‌తో రాసి గల్లాపెట్టెలో దాచుకున్నాడు. దసరా తరవాత కొత్తగా చేరిన కుర్రాడు మొదటి రోజే ఏదో నొక్కి బ్రౌజర్ కిటికీలో ప్రివ్యూను మాయం చేశాడట. ఈసారి నాకు ఫోన్ రాలేదు.